పాప వస్తువులు బాబుకు, బాబు వస్తువులు పాపకు: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి కాన్పులో ఆడపిల్ల, రెండో కాన్పులో మగపిల్లవాడు. లేదా మొదట బాబు, తర్వాత పాప. సజ్జ మీద మూటకట్టి పెట్టిన సామాన్లలో ఏవి పనికివస్తాయి, వేటిని పారేయాలి, ఏవి కొత్తగా కొనాలి అని మా తిరుపతిలో చుట్టాలూ ఇరుగుపొరుగు బాలింతలూ అడుగుతూనే ఉంటారు. మా ఇంట్లో పెద్దది అమ్మాయి, చిన్నవాడు అబ్బాయి. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతులన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. వస్తువును రంగు చూసి పక్కన పెట్టవద్దు, భద్రత చూసి పక్కన పెట్టండి. కింది జవాబులన్నిటికీ మూలం ఇదే.

నాకిప్పుడు ఏడో నెల. పుట్టబోయేది ఎవరో తెలియదు. మూటలు ఇప్పుడే విప్పాలా, పుట్టాక విప్పాలా?

ఇప్పుడే విప్పండి. పుట్టేది ఎవరో ముందుగా తెలుసుకోవడానికి మన దేశంలో వీలు లేదు, ఉండకూడదు కూడా. 1994లో వచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం స్కానింగ్‌లో ఆ మాట అడగడమూ నేరమే, చెప్పడమూ నేరమే. అందుచేత మన ఏర్పాట్లు ఎవరు పుట్టినా సరిపోయేలా ఉండాలి. మొదటి మూడు నెలలకు కావలసినవన్నీ అలాంటివే: పొత్తిగుడ్డలు, ముందు ముడివేసే జుబ్బాలు, టోపీలు, మేజోళ్ళు, రబ్బరు షీటు, దోమతెర, ఉయ్యాల.

బిడ్డ భూమి మీద పడకముందే కొత్త బట్టలు తెచ్చి ఇంట్లో పెట్టడానికి మన పెద్దలు ఒప్పుకోరు. పురుడు వెళ్ళేదాకా ఉతికిన పాత మెత్తటి గుడ్డలే వాడే ఆనవాయితీ చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. అమ్మమ్మ కట్టి కట్టి పలచబడిన వెంకటగిరి నూలు చీర పొత్తిగుడ్డగా పనికివచ్చినట్టు ఏ కొత్త గుడ్డా పనికిరాదు. కాబట్టి పాతవి వాడుతున్నామని మొహమాటపడే అవసరమే లేదు.

ఏడు, ఎనిమిది నెలల్లో ఉతికి, ఎండబెట్టి, నెలల వారీగా వేరు చేసి పెట్టుకుంటే మంచిది. తొమ్మిదో నెలలో వంగి లేచే ఓపిక ఉండదు. సజ్జ మీది మూటను మాత్రం మీరు ఎక్కి దించవద్దు, ఇంట్లో ఎవరినైనా దించమనండి.

అక్క గౌన్లు తమ్ముడికి తొడిగితే నలుగురూ నవ్వరా?

ఎవరు నవ్వుతారో ఆలోచించండి. పుట్టు వెంట్రుకలు తీయించే ముందు మగపిల్లవాడికి రెండు జడలు వేసి, పూలు పెట్టి, పట్టులంగా కట్టి ఫోటో తీయించని ఇల్లు మన వైపు ఎన్ని ఉన్నాయి? ఆ ఫోటోను ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, వాడి పెళ్ళిలో అందరికీ చూపిస్తారు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే పెద్ద పెద్ద మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, గాజులు వేసుకుని అమ్మవారికి మొక్కు తీర్చుకుంటారు. అలాంటి ఊళ్ళో నాలుగు నెలల పిల్లవాడు పూల గౌను వేసుకుంటే తప్పేమిటి?

ఇంట్లో తొడగడానికి ఏ గౌనైనా సరే. నిజానికి వేసవిలో గౌనే హాయి. కింద గాలి ఆడుతుంది, లంగోటా మార్చడం తేలిక. అయితే లేసు గీరుకునేవి, పూసలు కుట్టినవి, మెడ దగ్గర తాళ్ళు వేలాడేవి తీసి పక్కన పెట్టండి. అవి పాపకు కూడా తొడగదగినవి కావు. పాకడం మొదలుపెట్టాక పొడవాటి గౌను మోకాళ్ళ కింద పడి బిడ్డను ముందుకు పడేస్తుంది. అప్పుడు అంచు మడిచి కుట్టండి, లేదా నడుము దగ్గర కత్తిరించి పై భాగాన్ని చొక్కాగా మార్చండి. గాంధీ రోడ్డు సందుల్లో పాత బట్టలు సరిచేసే కుట్టు మిషను వాళ్ళు ఇలాంటి పని వెంటనే చేసిపెడతారు.

రెండేళ్ళు దాటాక పిల్లవాడికే ఇష్టాయిష్టాలు వస్తాయి. అప్పుడు వాడి మాట వినండి.

మరి గులాబీ రంగు, నీలం రంగు సంగతి?

అది బట్టల కొట్లు మనకు నేర్పిన లెక్క. మన నీలమేఘశ్యాముడు నీలం, మన పెళ్ళికొడుకు మధుపర్కాల అంచు ఎరుపు. అంతకంటే దీని గురించి ఆలోచించనవసరం లేదు.

అన్న బట్టలు చెల్లెలికి ఎలా వాడాలి?

ఇది ఇంకా తేలిక. చొక్కాలు, లాగులు, బనియన్లు అలాగే తొడగండి. పెద్ద చొక్కా అయితే చేతులు కత్తిరించి, నడుము దగ్గర ఎలాస్టిక్ వేయించి గౌనులా చేయవచ్చు. పండగకు పాపకు పట్టులంగా కావాలంటే మీ పాత పట్టుచీర కొంగుతో కుట్టించండి. అంచు కింద రెండు మూడు మడతలు వదిలి కుట్టమని టైలరుకు ముందే చెబితే ఏడాదికో మడత విప్పుకుంటూ చాలా కాలం వాడవచ్చు.

బట్టలు వృథా కావడానికి ఆడా మగా తేడా కంటే ఋతువు తేడా పెద్ద కారణం. పెద్దబిడ్డ డిసెంబరు వానల్లో పుట్టి, రెండో బిడ్డ మే ఎండల్లో పుడితే మూడు నెలల సైజు స్వెటర్లన్నీ అలాగే మిగిలిపోతాయి. తిరుపతిలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అలాంటివి ఇంట్లో ఉంచుకోకుండా, చలికాలంలో కాన్పు ఉన్నవారికి ఇచ్చేయండి.

పాపకు వాడిన గుడ్డ డైపర్లు బాబుకు సరిపోతాయా?

సరిపోతాయి. మడత మాత్రం మారుతుంది. మగపిల్లలకు తడి ముందువైపు ఎక్కువగా చేరుతుంది, ఆడపిల్లలకు మధ్యలోనూ వెనకవైపూ చేరుతుంది. లోపల పెట్టే గుడ్డను బాబుకు ముందువైపు రెండు పొరలు వచ్చేలా, పాపకు మధ్యలో మందంగా ఉండేలా మడవండి. ఒక్క మడత తేడాకే చాలామంది "ఇవి కారుతున్నాయి, పాడైపోయాయి" అని పారేస్తున్నారు.

వాడేముందు మూడు చూడాలి. తొడల దగ్గర ఎలాస్టిక్ సాగిందా? సాగితే టైలరు దగ్గర కొత్తది వేయించండి, కొత్త డైపరు ధరలో చాలా తక్కువతో పని అయిపోతుంది. నీరు దిగని పైపొర ఊడిపోయిందా? ఊడితే దాన్ని ఇంట్లో లోపలి గుడ్డగా వాడుకోవచ్చు, బయటికి పనికిరాదు. తడి పీల్చడం తగ్గిందా? బోరు నీళ్ళ ఉప్పు, సబ్బు మడ్డి గుడ్డలో పేరుకుంటే అలా జరుగుతుంది. సబ్బు వేయకుండా శుభ్రమైన నీళ్ళలో రెండు మూడుసార్లు జాడించి ఎండబెడితే చాలావరకు తిరిగి వస్తుంది. బట్టలు మెత్తబడటానికి వాడే సువాసన ద్రవాలు వీటికి వేయవద్దు, అవి పీల్చే గుణాన్ని చంపేస్తాయి.

ఆదా ఎంత అంటారా? కొన్న డైపరు ఒక్కోటి 10 రూపాయలు, రోజుకు ఆరు అనుకుంటే నెలకు 1,800 రూపాయలు. పగలు గుడ్డవి, రాత్రికి ఒకటి కొన్నది అని పెట్టుకున్నా నెలకు 1,500 మిగులుతుంది. ఉతికే చేయి ఎవరిదో కూడా లెక్కలో ఉండాలి. బాలింతతో ఉతికించి ఆదా చేశామని చెప్పుకోవద్దు. తండ్రికి ఇది తెలియని పని కాదు.

ఇన్నాళ్ళూ కలరా ఉండలు వేసి దాచాం. బట్టలు దులిపి తొడిగితే చాలా?

చాలదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే దీన్నే చదవమంటాను.

కలరా ఉండల్లో చాలావాటిలో ఉండేది నాఫ్తలీన్. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. అలాంటి బిడ్డకు ఈ బట్టలు తొడిగినా, ఆ వాసన పీల్చినా ఎర్ర రక్తకణాలు చిట్లిపోయి, కామెర్లు ముదిరి ప్రాణం మీదికి రావచ్చు. ఆ లోపానికి సంబంధించిన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లకు ఎక్స్ రెండు ఉంటాయి కాబట్టి ఒకటి లోపించినా రెండోది చాలావరకు ఆదుకుంటుంది. మగపిల్లవాడికి ఒక్కటే ఉంటుంది. అందుకే "పెద్దమ్మాయికి ఇవే బట్టలు తొడిగాం, ఏమీ కాలేదు" అన్న మాట తమ్ముడి విషయంలో భరోసా కాదు. భద్రత విషయంలో ఆడా మగా తేడా నిజంగా లెక్కలోకి రావలసిన చోటు ఇదొక్కటే, ఇక్కడే ఎవరూ పట్టించుకోరు.

ఉండలతో దాచిన బట్టలను చాలా రోజులు గాలికి, ఎండకు ఆరేసి, ఒకటికి రెండుసార్లు ఉతకండి. ఆ తర్వాత కూడా వాసన తగులుతుంటే నెలల బిడ్డకు వాడనే వద్దు, గచ్చు తుడిచే గుడ్డలు చేసుకోండి. బిడ్డ పడుకునే గదిలోనూ, బీరువాలోనూ ఉండలు ఉంచవద్దు. వాటి బదులు కర్పూరం బిళ్ళలు పెడతామంటారు కొందరు, అదీ వద్దు.

దాచే పద్ధతి వేరే ఉంది. పాల మరక, అన్నం మరక ఉన్న బట్టకే పురుగు పడుతుంది. కాబట్టి శుభ్రంగా ఉతికి, పూర్తిగా ఆరాక, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలోనో ట్రంకు పెట్టెలోనో పెట్టండి. నీడలో ఎండబెట్టిన వేపాకు, వసకొమ్ము గుడ్డసంచిలో కట్టి మూలల్లో ఉంచండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అవి వెళ్ళాక సంక్రాంతి ముందు ఒకసారి అన్నీ తీసి ఎండలో వేస్తే బూజు పట్టదు.

పాత మరకలు పోవడం లేదు.

పాల మరకను ముందు చన్నీళ్ళలో నానబెట్టాలి. వేడినీళ్ళు పోస్తే గట్టిపడి పోనంటుంది. దొడ్డికి వెళ్ళిన పసుపు మరక ఉతికాక కూడా కనిపిస్తుంటే తడిగా ఉండగానే మిద్దె మీద ఎండలో వేయండి, మన ఎండకు ఒకటి రెండు పూటల్లో వెలిసిపోతుంది. పసిపిల్లల బట్టలకు కుంకుడు రసం మంచిది. అప్పటికీ మరక పోలేదా, ఉండనివ్వండి. శుభ్రమైన గుడ్డ మీది మరక బిడ్డను ఏమీ చేయదు.

అమ్మమ్మగారింటి టేకు ఉయ్యాల ఉంది. వాడవచ్చా?

టేకు ఉయ్యాల దొరకడం అదృష్టం. ముందు పరీక్షించండి. ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు. మించితే బిడ్డ ఒళ్ళు జారి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. గొలుసులు, కొక్కేలు అరిగాయేమో చూడండి. చేతితో గట్టిగా ఊపి, కీళ్ళు కిర్రుమంటే వడ్రంగిని పిలవండి.

రెండోది రంగు. పాత రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) దాటరాదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు రంగు వేసిన ఉయ్యాల పెచ్చులు ఊడుతుంటే బిడ్డకు వాడవద్దు. పళ్ళు వచ్చే వయసులో పిల్లలు ఊచను కొరుకుతారు. ఆ రంగును గరుకు కాగితంతో ఇంట్లో పొడిగా గీకితే సీసం దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, గర్భిణి ఉన్న ఇంట్లో ఆ పని అసలు చేయకూడదు. రంగు వేయని, నూనె పట్టించిన టేకు అయితే ఈ బాధ లేదు.

పరుపు కుంగినా, మధ్యలో గుంట పడినా మార్చండి. ఉయ్యాల పాతదైనా పరవాలేదు, పరుపు మాత్రం గట్టిగా, చదునుగా ఉండాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. అందంగా ఉందని పాత దిండ్లు, మెత్తటి బొంతలు లోపల పేర్చవద్దు.

చీర ఉయ్యాల గురించి ఒక మాట. మొదటి బిడ్డప్పుడు ఇంట్లో ఊపేది పెద్దవాళ్ళే. ఇప్పుడు పక్కన మూడేళ్ళ అక్కో అన్నో ఉన్నారు. వాళ్ళు తమ్ముణ్ణి ఊపాలని లాగుతారు, ఖాళీ ఉయ్యాలలో తామే కూర్చుని గిరగిరా తిరుగుతారు. అలా చీర మెడకు చుట్టుకుని పెద్దపిల్లలు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. బిడ్డను ఎత్తుకోగానే చీరను పైకి మడిచి ముడివేయడం ఇంటిల్లిపాదికీ అలవాటు కావాలి.

వాకర్ కొత్తదానిలా ఉంది. బాబుకు వాడదామా?

వద్దు, ఎవరికీ ఇవ్వనూ వద్దు. మెట్ల మీదనుంచి పడటం, పొయ్యి దగ్గరికి దూసుకుపోవడం దీనివల్ల జరిగే ప్రమాదాలు. కెనడా 2004లోనే దీని అమ్మకాన్ని నిషేధించింది. వాకర్‌లో తిరిగితే నడక త్వరగా వస్తుందన్నది కూడా నిజం కాదు. చక్రాలు ఊడదీసి ఇనుప సామాన్లవాడికి వేయండి.

కారు సీటు, హెల్మెట్ రెండో బిడ్డకు పనికివస్తాయా?

కారు సీటు అడుగున గడువు తేదీ ముద్రించి ఉంటుంది. అది దాటకపోతే, బెల్టు పోగులు లేవకపోతే, ఆ సీటు ఉన్న కారు ఎప్పుడూ ప్రమాదానికి గురికాకపోతే నిశ్చింతగా వాడండి. ప్రమాదం జరిగిన కారులోని సీటు చూడటానికి బాగున్నా పనికిరాదు. బయటివారి దగ్గర పాతది కొనడం నాకు ఇష్టం లేకపోవడానికి కారణం ఇదే, దాని చరిత్ర మనకు తెలియదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే 1,000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచి, తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో బిడ్డను ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునే తల్లులను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

స్కూటరు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్, నడిపేవారితో కట్టి ఉంచే పట్టీ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. పెద్దబిడ్డ హెల్మెట్ ఎప్పుడూ దెబ్బ తగిలేలా కిందపడకుండా ఉండి, లోపలి మెత్త చెక్కుచెదరకపోతే సరే. పట్టీకి అయితే కుట్లు, క్లిప్పులు లాగి చూడండి.

పాలసీసాలు, పాలు తీసే పంపు?

పాలపీకలు తప్పకుండా కొత్తవి కొనాలి. గీతలు పడిన, మసకబారిన ప్లాస్టిక్ సీసాలు పారేయండి. గాజువీ, స్టీలువీ మరిగించి వాడవచ్చు. పంపు మీదే అయితే మోటారు వాడుకోండి, గొట్టాలు, కవాటాలు మార్చండి. ఇంట్లో వాడటానికి అమ్మే పంపును మరో తల్లి నుంచి తెచ్చుకోవడం మంచిది కాదు. అసలు సీసా కంటే ఉగ్గుగిన్నె మేలు. అది అన్నకూ చెల్లికీ తరతరాలుగా ఒకటే. పెద్దబిడ్డవి మిగిలిన చుక్కల మందులు, సిరప్‌లు మాత్రం వాడనే వద్దు.

వెండి మొలతాడు, గజ్జెలు, సిగ్గుబిళ్ళ?

మొలతాడు, మురుగులు ఇద్దరికీ సరిపోతాయి. కొలత సరిచేయించి, కొక్కెం గుచ్చుకోకుండా చూడండి. సిగ్గుబిళ్ళ బాబుకు అక్కర్లేదు. అది పాపదిగానే దాచండి, మార్పిడి చేసి బాబుకు ఇంకేదో చేయించవద్దు. వదులైన గజ్జె పూసలు నోట్లోకి పోతాయి కాబట్టి రాత్రిపూట తీసేయాలి.

బొమ్మలు?

బొమ్మకు ఆడా మగా లేదు. వంటసామాను బొమ్మలు తమ్ముడికీ, లారీ చెల్లెలికీ ఇవ్వండి. మన తిరుపతి మరపాచి చెక్కబొమ్మలు ఎప్పుడూ జంటగానే ఉంటాయి, పిల్లలు ఎవరైనా రెంటితోనూ ఆడతారు. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. అంతకుముందు కొన్న చవక ప్లాస్టిక్ బొమ్మల రంగు ఊడుతుంటే తీసేయండి. నాణెంలాంటి బ్యాటరీ వేసే బొమ్మలకు మూత స్క్రూ బిగించి ఉండాలి. ఆ బ్యాటరీ మింగితే గొంతు లోపల కాలిపోతుంది.

2021 వరదలో తడిసిన సామాన్లు అలాగే ఉన్నాయి. బాగుచేసుకోవచ్చా?

ఆ నవంబరులో తిరుపతిలో ఎన్నో ఇళ్ళలోకి మురుగుతో కలిసిన నీళ్ళు వచ్చాయి. బట్టలు, స్టీలు, గట్టి ప్లాస్టిక్ శుభ్రం చేసి వాడవచ్చు. స్పాంజి పరుపు, స్ట్రాలర్ మెత్త, దూది బొమ్మలు పైకి ఆరినట్టు కనిపించినా లోపల బూజు ఉంటుంది. వాటిని వదిలేయండి.

"మగపిల్లవాడు పుట్టాడు, ఇంకా అక్క పాతవేనా?" అని అత్తగారు అంటున్నారు. ఏమి చెప్పాలి?

అదే ఇంట్లో ముందు బాబు, తర్వాత పాప పుట్టి ఉంటే ఏమనేవారో గుర్తుచేసుకోండి. "ఆడపిల్లకేం, అన్నవి చాలు." ఈ రెండు మాటలూ నేను మా వీధిలోనే విన్నాను. పొదుపు మంచిదే. అయితే అది ఆడపిల్ల పుట్టినప్పుడు మాత్రమే గుర్తుకు వస్తే ఆ ఇంట్లో లెక్క ఇంకేదో నడుస్తోంది. అక్కవి తమ్ముడికి వాడటం నాకు ఇష్టమైనదీ అందుకే. ఆడపిల్ల వస్తువు మగపిల్లవాడికి తక్కువ కాదని ఆ ఇంట్లో అందరూ రోజూ చూస్తారు.

అత్తగారితో వాదించవద్దు. "అత్తయ్యా, బారసాలకు మీరే కొత్త బట్టలు పెట్టండి, ఇంట్లో తొడగడానికి ఇవి చాలు" అనండి. ఆవిడ ముచ్చటా తీరుతుంది. ఇద్దరు పిల్లలకూ ఒకే నియమం పెట్టుకోండి: బారసాలకు, అన్నప్రాశనకు, మొదటి పుట్టినరోజుకు కొత్తవి, మిగిలినవన్నీ ఉన్నవే. పెద్దబిడ్డకు ఎన్ని ఫోటోలు తీయించారో చిన్నబిడ్డకూ అన్ని తీయించండి.

మిగిలిన డబ్బు చీటీల్లోనూ చిల్లర ఖర్చుల్లోనూ కలిసిపోతే ఆదా చేసినట్టు ఉండదు. పోస్టాఫీసులో పదేళ్ళలోపు ఆడపిల్ల పేరిట సుకన్య సమృద్ధి ఖాతా ఏడాదికి 250 రూపాయలతో తెరవవచ్చు. అబ్బాయి పేరిట పీపీఎఫ్ పొదుపు ఖాతా 500 రూపాయలతో మొదలవుతుంది. ఇద్దరికీ ఒకే మొత్తం వేయండి.

పెద్దమ్మాయి "అది నా గౌను, తమ్ముడికి ఇవ్వను" అని ఏడుస్తోంది.

లాక్కోవద్దు. ఆమెకు ప్రాణమైన రెండు మూడు వస్తువులు ఆమెకే వదిలేయండి, పొట్టివైనా సరే. మిగిలినవి ఆమె చేతితోనే ఏరి తమ్ముడికి ఇవ్వమనండి. మూడేళ్ళ పిల్ల ఇచ్చేటప్పుడు చూపించే పెద్దరికం చూసి తీరాలి. ఇచ్చాక "ఇది అక్క ఇచ్చింది" అని ఇంటికి వచ్చినవాళ్ళకు చెప్పండి.

రెండో బిడ్డకు కూడా సరిపోనివి ఎవరికి ఇవ్వాలి?

ముందు చుట్టాల్లో కాన్పు ఉన్నవారిని అడగండి. "మన బిడ్డ తొడిగినవి బయటికి ఇస్తే దిష్టి" అనే పట్టింపు మీ ఇంట్లో ఉంటే మొదటి జుబ్బా ఒక్కటి దాచుకుని మిగిలినవి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఉతికి, బొత్తాలు సరిచేసి ఇవ్వండి. చిరిగినవి దానం పేరుతో ఎవరికీ అంటగట్టవద్దు. ఉయ్యాల, స్ట్రాలర్ లాంటివాటికి ఎప్పుడు కొన్నారో, ఏ భాగం మార్చారో చీటీ రాసి కట్టండి. గడువు దాటిన కారు సీటును చెత్తబండికి వేసేముందు బెల్టులు కత్తిరించేయండి, ఇంకెవరూ ఏరుకుని తమ బిడ్డను అందులో కూర్చోబెట్టకుండా.